'ఏవండీ' ఎక్కడ పెట్టాలి: పాత బ్రిటిష్ గూఢచారి సినిమాని మన మేడ మీద తెలుగులో ఆడించే పద్ధతి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక ఇబ్బంది ఉంది. గుణుపురం, రాయగడ, బరంపురంలో ఉన్న తెలుగువాళ్లకి కూడా ఇది తెలిసిందే. పెద్దవాళ్లకి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు అంతగా రాదు. పిల్లలేమో ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతారు, ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడతారు, కానీ తెలుగు అక్షరం ఇచ్చి చదవమంటే కూడబలుక్కుంటారు. కాబట్టి ఇంగ్లీషు సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ వేసినా ఇంట్లో సగం మందికే పనికొస్తాయి. నేను రెండేళ్లుగా చేస్తున్నది ఏమిటంటే, మాటలన్నీ తెలుగులో రాసుకుని తెర మీద వేస్తూనే, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి మైకులో చదివించడం. మా ఇంట్లో మేనత్త చదువుతుంది. ఈ పద్ధతికి నేను చూసినంతలో అన్నిటికంటే బాగా కుదిరేవి తక్కువ ఖర్చుతో తీసిన పాత బ్రిటిష్ గూఢచారి సినిమాలు. ఎలా చేయాలో, ఎక్కడ దెబ్బతింటామో మొత్తం రాస్తున్నాను, మీ వీధిలో కూడా చేసుకోండి.

ఈ సినిమాలే ఎందుకంటే, వాటిలో డబ్బు లేదు కాబట్టి మాట ఉంది. బ్రిటన్‌లో 1927లో ఒక చట్టం తెచ్చారు, హాలీవుడ్ సినిమాల ముందు తమవి నిలవట్లేదని, ప్రతి థియేటరూ కొంత శాతం బ్రిటిష్ సినిమాలు వేసి తీరాలని. ఆ కోటా నింపడానికే చకచకా చుట్టేసిన సినిమాలు వందల్లో వచ్చాయి, వాటిని కోటా క్వికీలు అనేవాళ్లు. అడుగు ఫిల్ముకి ఒక పౌండు అన్నది అప్పట్లో వాటి ఖర్చు లెక్క. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, అంటే గంట సినిమాకి 5,400 అడుగులు, 5,400 పౌండ్లు, నటుల జీతాలూ సెట్టూ ఫిల్మూ అన్నీ అందులోనే. అంత డబ్బుతో ఓడలు పేల్చలేరు, ఊళ్లు తిరగలేరు. రెండు గదులు, ఒక దీపం, ఒక తలుపు, ముగ్గురు మనుషులు, వాళ్లలో ఒకరు అబద్ధం చెబుతున్నారు, ఆ ఒకరు ఎవరన్నది మనకి తెలియదు, అంతే. టెన్షన్ అంతా ఎవరు ఎవరితో ఏ మాట అన్నారన్న దాంట్లోనే ఉంటుంది. కాస్త పెద్ద సినిమాలకి కూడా అక్కడ ఈ పొదుపు అలవాటే. 1938లో హిచ్‌కాక్ తీసిన 'ది లేడీ వానిషెస్' కథ చాలామటుకు రైల్లోనే నడుస్తుంది కదా, దాన్ని ఇస్లింగ్టన్‌లోని చిన్న స్టూడియోలో ఒకే బోగీ సెట్ వేసి, కిటికీ బయట తెర మీద దృశ్యాలు ఆడించి, బొమ్మ రైళ్లు కలిపి తీశారు. ఒకప్పటి మన నౌపడ–గుణుపురం చిన్న రైలు ఎక్కినవాళ్లకి ఆ ఇరుకు వెంటనే అర్థమవుతుంది.

1960ల్లో వచ్చినవి ఇంకో రకం. బాండ్ సినిమాలు ఆడటం చూసి తక్కువ డబ్బుతో అలాంటివే తీశారు. 1965లో లిండ్సే షాంటెఫ్ టామ్ ఆడమ్స్‌ని హీరోగా పెట్టి తీసిన 'లైసెన్స్‌డ్ టు కిల్' అలాంటిదే, అమెరికాలో దానికి వేరే పొడుగాటి పేరు పెట్టి, సామీ డేవిస్ జూనియర్ చేత టైటిల్ పాట పాడించి మరీ వదిలారు. మరుసటి ఏడాదే మనకి కృష్ణ 'గూఢచారి 116' వచ్చింది, మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ దాని గురించి చెబుతారు. ఈ రకం సినిమాలు కుర్రాళ్లకి నచ్చుతాయి, తర్వాత వేసుకోవచ్చు. మొదటిసారికి మాత్రం నా సలహా 'ది స్పై ఇన్ బ్లాక్'. 1939లో వచ్చింది, నలుపు తెలుపు, 82 నిమిషాలు. తీసిన మైకేల్ పవెల్ 1931 నుంచి 1936 లోపు ఇరవైకి పైగా కోటా సినిమాలు చేసి చేయి తిరిగినవాడు. ఇది కోటా సినిమా కాదు, కొంచెం పై మెట్టు, కానీ గదిలో ముగ్గుర్ని కూర్చోబెట్టి ఊపిరి బిగపట్టించడం అతను ఆ చవక సినిమాల్లోనే నేర్చుకున్నాడని చూస్తే తెలిసిపోతుంది. ఎమెరిక్ ప్రెస్‌బర్గర్‌తో అతను కలిసి చేసిన మొదటి సినిమా కూడా ఇదే.

హక్కుల సంగతి ఒక్క మాట. మన దేశంలో సినిమా మీద కాపీరైటు, విడుదలైన మరుసటి క్యాలెండర్ ఏడాది మొదలు 60 ఏళ్లు. 1939 సినిమాకి అది ఎప్పుడో దాటిపోయింది. అయినా టికెట్టు పెట్టి పబ్లిక్‌గా ఆడిస్తే సెన్సార్ సర్టిఫికెట్ లాంటివన్నీ వస్తాయి, కాబట్టి ఇల్లు, మేడ, మనవాళ్లు, అంతటితో ఆపండి.

ఇక్కడి నుంచి కథ మొత్తం విప్పాల్సి వస్తుంది. చూద్దామనుకునేవాళ్లు చూసి వచ్చి చదవండి. మాటలు రాసేవాళ్లకి మాత్రం కథ చివరిదాకా తెలిసి తీరాలి, అది తెలియక చేసిన పొరపాటు గురించి కింద చెబుతాను.

1917, మొదటి ప్రపంచ యుద్ధం. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవులు, అక్కడ స్కాపా ఫ్లో అనే చోట బ్రిటిష్ యుద్ధనౌకలన్నీ ఉంటాయి. కెప్టెన్ హార్ట్ అనే జర్మన్ జలాంతర్గామి అధికారి రాత్రివేళ ఆ దీవిలో దిగి, అక్కడ బడి పంతులమ్మ వేషంలో ఉన్న గూఢచారిణిని కలుస్తాడు. కొలువులో అవమానపడ్డ ఒక బ్రిటిష్ లెఫ్టినెంట్ ఆమెకి రహస్యాలు చేరవేస్తుంటాడు. అసలు సంగతి ఏమిటంటే, ఆ పంతులమ్మ, ఆ లెఫ్టినెంట్, ఇద్దరూ బ్రిటిష్ వాళ్ల మనుషులే. పైగా భార్యాభర్తలు.

సినిమా వేసే ముందు పది నిమిషాలు ఇదంతా ఏ కాలం, ఏ చోటు అని చెప్పండి, మలుపు మాత్రం చెప్పకండి. స్కాపా ఫ్లో అంటే మావాళ్లకి ఏమీ తెలియదు, కానీ వైజాగ్ తెలియనివాళ్లు లేరు. ఆసుపత్రికి వైజాగ్, చదువుకి వైజాగ్. బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి మ్యూజియంలోకి దూరి, తల వంచుకుని నడిచి వచ్చినవాళ్లు మా వీధిలోనే పదిమంది ఉంటారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వైజాగ్ దగ్గరికి వచ్చి మునిగిపోయిన సంగతి పెద్దవాళ్లకి గుర్తే. 'అలా మన రేవు మీదికి వచ్చిన ఘాజీ లోపలి కెప్టెన్ వైపు నుంచి కథ చెబితే ఎలా ఉంటుందో, ఇది అలాంటిది' అన్నాను, అంతా సర్దుకుని కూర్చున్నారు. ఇంకోటి కూడా చెప్పాను. ఈ సినిమా విడుదలయ్యాక కొద్ది వారాలకే నిజం యుద్ధం మొదలైంది, 1939 అక్టోబరు 14న జర్మన్ జలాంతర్గామి యూ-47 నిజంగానే స్కాపా ఫ్లోలోకి చొరబడి రాయల్ ఓక్ అనే యుద్ధనౌకని ముంచేసింది, 800 మందికి పైగా చనిపోయారు. ఇది విన్నాక ఇది ఉత్త కథ అని ఎవరూ తీసిపారేయలేదు.

కాపీ విషయంలో ఒక సాంకేతిక విషయం తెలుసుకోండి, లేకపోతే మొత్తం శ్రమ పోతుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. బ్రిటన్ టీవీ పద్ధతి సెకనుకి 25, అందుకని అక్కడి డీవీడీల్లో సినిమా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, 82 నిమిషాల సినిమా 79 నిమిషాల లోపే అయిపోతుంది. నేను ఒక కాపీ చూసి, ఏ మాట ఎప్పుడు పడాలో టైములు కట్టి, ఆడించే రోజు బొమ్మ బాగుందని ఇంకో కాపీ పెట్టాను. మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉంది, అరగంటకి నిమిషం పైన తేడా వచ్చింది, మనిషి బయటికి వెళ్లిపోయాక అతని మాట తెర మీద పడింది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చే ఆప్షన్ ఉంది, 24 నుంచి 25కి ఒక్క క్లిక్కుతో సరిపోతుంది. కానీ ఆ సంగతి ముందు తెలియాలి. ఏ కాపీతో పని మొదలుపెట్టారో దాంతోనే ఆడించండి.

మాటల ఫైలుని ఎస్ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైలుగా, యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో సేవ్ చేయండి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి ఆడిస్తే చాలా టీవీల్లో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ పెట్టి నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఎంచుకోండి, అప్పటికీ కుదరకపోతే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలని బొమ్మలోనే అచ్చు వేయించేయండి. నేను లైనుకి ఇరవై అక్షరాలు దాటనివ్వను, రెండు లైన్లకి మించి పెట్టను. మైకులో చదివే మనిషికి కూడా ఒక ఊపిరికి అంతే పడుతుంది.

అసలు పని మాటలు రాయడంలో ఉంది, నాకు మూడు వారాల సాయంత్రాలు పట్టింది. ఇంగ్లీషులో ఎవర్నైనా ఒకటే 'యూ'. రాజుకీ అదే, దొంగకీ అదే. తెలుగులో నోరు తెరిస్తే చాలు, మీరా నువ్వా తేల్చాలి, తేల్చగానే ఆ ఇద్దరి మధ్య ఏముందో బయటపడిపోతుంది. గూఢచారి సినిమాలో దాచి ఉంచాల్సిందే అది. అందుకని మాటలు మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద పాత్రలన్నీ రాసుకుని, ఎవరు ఎవర్ని ఏమని పిలవాలో, కథలో ఎక్కడ మారాలో బాణం గుర్తులు వేసుకోండి. ఈ కాగితం లేకుండా ఒక్క లైను కూడా రాయొద్దు.

నేను ఆ కాగితం లేకుండానే మొదలుపెట్టాను. పంతులమ్మ లెఫ్టినెంట్‌ని పిలిచే చోట, ఏదో మామూలు పిలుపు కదా, మర్యాదగా ఉంటుందని 'ఏవండీ' అని రాశాను. మా అత్త పెళ్లయి నలభై ఏళ్లయిన మనిషి, ఆ మాట కాగితం మీద కనబడగానే మామయ్యని పిలిచే గొంతుతోనే చదివింది. ముందు వరసలో కూర్చున్న ఎదురింటి బామ్మగారు వెంటనే, 'అయితే వీళ్లు మొగుడూ పెళ్లాలా?' అన్నారు. అసలు మలుపు రావడానికి ఇంకా బోలెడు టైముంది. ఆ ఒక్క మాటతో సినిమా అక్కడే అయిపోయింది, ఆ తర్వాత అందరూ ఎప్పుడు బయటపడుతుందా అని చూశారు తప్ప భయపడలేదు.

రెండోసారి ఇలా చేశాను. కెప్టెన్ ముందు వాళ్లిద్దరూ ఒకర్నొకరు 'మీరు' అనుకుంటారు, పిలుపు ఏమీ ఉండదు, లేదా హోదాతో 'లెఫ్టినెంట్' అంటుంది ఆమె. కెప్టెన్ వెనక, నిజం మనకి తెలిసిన తర్వాత, భర్త ఆమెని 'నువ్వు' అంటాడు, ఆమె మొదటిసారి 'ఏవండీ' అంటుంది. ఇంకే వివరణా అక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ విషయం చెప్పడానికి రెండు మూడు మాటలు కావాలి, మనకి ఒక్క మాట చాలు. ఇప్పటి జంటలైతే ఇద్దరూ నువ్వే అనుకుంటారు, నిజమే, కానీ కథ 1917ది, వింటున్నవాళ్లలో బామ్మలు ఉన్నారు.

కెప్టెన్ మాటల దగ్గర ఇంకో జాగ్రత్త. అతనికి ఆమె మీద మనసవుతుంది, తర్వాత మోసపోయానని తెలుస్తుంది. అక్కడ కోపంతో 'నువ్వు'లోకి దింపాలని చేయి లాగుతుంది. దింపకండి. చివరిదాకా 'మీరు' అనే అననివ్వండి. ఆ పాత్ర వేసిన కాన్రాడ్ వైట్ జర్మనీలో పెద్ద నటుడు, నాజీలు వచ్చాక 1933లో యూదురాలైన భార్యతో దేశం వదిలి బ్రిటన్ చేరినవాడు. అలాంటి మనిషి ఒక జర్మన్ అధికారిని శత్రువుగా చూపిస్తూనే పెద్దమనిషిగా నిలబెట్టాడు. ఒక్క 'నువ్వు'తో మనం అతన్ని మామూలు విలన్‌ని చేయకూడదు.

క్రియల్లో లింగం ఇంకో చిక్కు, మిగతా గూఢచారి సినిమాలకి కూడా ఇది వర్తిస్తుంది. ఇంగ్లీషులో 'మన ఏజెంట్ రేపు వస్తున్నారు' అన్న అర్థంలో ఆడో మగో చెప్పకుండా నడిపేస్తారు. మనం వస్తాడు అన్నా వస్తుంది అన్నా సగం గుట్టు పోయినట్టే. 'వస్తారు' అని గౌరవంలోకి తీసుకెళ్లండి, లేదా 'మనవైపు నుంచి రేపు రాక ఉంటుంది' లాగా క్రియని తప్పించండి. చుట్టరికాలు కూడా అంతే. ఇంగ్లీషు అంకుల్‌ని తెలుగు చేసేటప్పుడు బాబాయా, మామయ్యా, పెదనాన్నా, ఎవరో సినిమాలో వెతికి తెలుసుకోండి, ఎక్కడా దొరకకపోతే పేరు పెట్టి గారు తగిలించండి.

దీవి జనం మాటలు నేను మన పాతపట్నం, పర్లాకిమిడి వైపు మాట్లాడుకునే తెలుగులో రాశాను, 'ఏటి', 'ఎక్కడికెల్తన్నారు' అని. కెప్టెన్‌కి మాత్రం పుస్తకం తెలుగు ఇచ్చాను, పరాయి భాషని శ్రద్ధగా నేర్చుకున్నవాడిలా. దాంతో బయటివాడెవడో, ఊరివాళ్లెవరో చెవికే తెలిసిపోతుంది. సినిమాల్లో మన యాస వినబడితే నవ్వించడానికే వాడతారు, నాకది ఎప్పుడూ బాధే. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూనే. అందుకని దీవి జనం మాటల్ని వెటకారం లేకుండా, మన ఇంటి ముందు నిలబడి మాట్లాడుతున్నట్టే రాయండి. చదివే మనిషికి కూడా ఇది ముందే చెప్పండి.

కొన్నిచోట్ల తక్కువ రాయడం మంచిది. బ్రిటన్ దిగ్బంధంతో తిండికి కరువైన దేశం నుంచి వచ్చిన కెప్టెన్, పంతులమ్మ ఇంట్లో బల్ల మీద వెన్న చూసి ఆగిపోతాడు. అక్కడ నేను 'వెన్న!' అని ఒక్క మాటే పెట్టాను. మా అత్త దాన్ని చిన్నగా, ఆకలిగా చదివింది. కరువు రోజులు చూసిన ముసలివాళ్లు తలలూపారు.

చదివే మనిషి దగ్గరికి వస్తే, మంచి గొంతు కంటే సినిమాని మూడుసార్లు ముందే చూసే ఓపిక ముఖ్యం. గొంతులు మార్చి నటించాలని చూడొద్దని చెప్పండి, అసలు నటుల గొంతు కింద వినిపిస్తూనే ఉంటుంది, ఎవరు మాట్లాడుతున్నారో దాంతో తెలుస్తుంది. హరికథ చెప్పే ఆయన పాత్ర మారినప్పుడు కాస్త తల తిప్పి, స్వరం కొంచెం మారుస్తాడు చూడండి, అంత చాలు. కాగితాలు పెద్ద అక్షరాల్లో, ఒకవైపే ప్రింటు తీయించండి, పిన్ను కొట్టకండి, పేజీ మధ్యలో సంభాషణ తెగకుండా, మాటల్లేని చోట పేజీ తిరిగేలా చూడండి. పక్కన మార్జిన్‌లో 'తలుపు చప్పుడు', 'దీపం ఆరుతుంది' లాంటి గుర్తులు రాయండి, ఆమె కళ్లు గడియారం మీద కాదు, తెర మీద ఉండాలి. కాగితం మీద పడే చిన్న లైటుకి ఎర్ర గ్లాసు కాగితం (సెల్లోఫేన్) చుట్టండి, లేకపోతే ఆ వెలుగు తెరకి తగులుతుంది. సినిమా సౌండు తగ్గించి, మైకు పైన ఉంచండి, కానీ సంగీతం వచ్చినప్పుడు సౌండు పెంచడానికి ఒక కుర్రాణ్ని అక్కడే కూర్చోబెట్టండి.

తెరకి ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి రెండు పొరలుగా చాలు, కింద అంచుకి కర్ర కుట్టి బరువు పెట్టండి, మా వైపు మహేంద్రగిరి గాలి సాయంత్రమైతే ఊరుకోదు. ఇది ఎక్కువగా రాత్రులు, నీడలు ఉన్న సినిమా, వెన్నెల ఉంటే సగం కనిపించదు, అమావాస్యకి అటూ ఇటూ రోజు చూసుకోండి. ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చేటప్పుడు మీ ల్యాప్‌టాప్‌తో షాపులోనే ఒకసారి పెట్టి చూడండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, మైకు మూడూ నడుస్తాయో లేదో ముందురోజే తేల్చుకోండి. తినడానికి ముఢీ (మరమరాల) మిక్చర్ లాంటిది చప్పుడు లేకుండా తినేలా గిన్నెల్లో పోసి ఇవ్వండి, కాగితం పొట్లాల గరగరకి మాటలు పోతాయి.

చివరి దృశ్యానికి మాటలు రాయొద్దు, లేదా రాసినా చదివించొద్దు. కెప్టెన్ తన చేతుల్లోకి తీసుకున్న ప్రయాణికుల ఓడని అతని సొంత జలాంతర్గామే, తెలియక, దెబ్బతీస్తుంది. అందరూ పడవల్లోకి దిగిపోతారు, అతను దిగడు. రెండోసారి ఆడించినప్పుడు అక్కడికి వచ్చేసరికి మా అత్త కాగితాలు బోర్లించి మైకు ఆపేసింది. నేను చెప్పలేదు. ఓడ మునిగేదాకా మేడ మీద ఎవరూ కదల్లేదు. తర్వాత ఎదురింటి బామ్మగారు, 'ఇంకోటి ఎప్పుడు వేస్తావురా?' అని అడిగారు.